పుట్టినరోజుకి సముద్రతీరం, పాత లైట్‌హౌస్: ముందు పోటు పట్టిక, ఆ తర్వాతే గది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ ఆవిడ పుట్టినరోజుకి రెండు రాత్రులు సముద్రం ఒడ్డున ఉండాలి, దగ్గర్లోని పాత లైట్‌హౌస్ ఎక్కాలి, సాయంత్రం ఇసుకలోనే కేకు కోయాలి. వెంట 63 ఏళ్ల అమ్మగారు, ఐదేళ్ల పాప ఉంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏవి తేడా కొడతాయి?

గది వెతకడంతో మాత్రం మొదలుపెట్టకండి. ఇలాంటి ప్రయాణాన్ని నడిపేవి మూడు వేళలు: పోటు వేళ, లైట్‌హౌస్ తెరిచి ఉంచే వేళ, పొద్దుగుంకే వేళ. మూడూ మన మాట వినవు. వాటిని ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకున్నాకే గది, కేకు, ఫొటోలు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. గది దొరికింది కదా అని వెళ్తే, సాయంత్రం ఐదింటికి ఒడ్డున నిలబడడానికి ఇసుకే మిగలదు, నీళ్లు గట్టు దాకా వచ్చి కొడుతుంటాయి.

పోటు సంగతి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు (నీరు ఒడ్డు మీదకి రావడం), రెండు పాట్లు (నీరు వెనక్కి పోవడం). ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి ఇవాళ సాయంత్రం 5 గంటలకి పోటు నిండితే రేపు 5.50 ప్రాంతంలో నిండుతుంది. రోజుకి 50 నిమిషాల చొప్పున జరుగుతూ పోతే వారం తిరిగేసరికి దాదాపు ఆరు గంటల తేడా వస్తుంది. ఈ వారం సాయంత్రం 5కి నీళ్లు నిండుగా ఉన్న చోటే వచ్చే వారం అదే వేళకి సముద్రం బాగా వెనక్కి పోయి, విశాలమైన తడి ఇసుక బయటపడుతుంది. అందుకే పుట్టినరోజు నాటి సాయంత్రం పోటు పడితే రెండే దారులు. కేకు పొద్దుటికి మార్చుకోండి, లేదా వారం ముందుకో వెనక్కో ప్రయాణం జరపండి. ఒకటి రెండు రోజులు జరిపితే పెద్ద లాభం ఉండదు.

పౌర్ణమి, అమావాస్యలు దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటు బాగా పైకొస్తుంది, పాటు బాగా కిందికి పోతుంది. అష్టమి దాటాక ఆ తేడా తక్కువ. రాళ్ల మధ్య నీటి గుంటల్లో పాపకి పీతలు, నక్షత్ర చేపలు చూపించాలంటే పౌర్ణమి, అమావాస్యల తర్వాతి పాటు మంచిది. నిశ్చింతగా ఇసుకలో కూర్చోవాలంటే అష్టమి చుట్టూ మంచిది. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు, ఏది ముఖ్యమో ముందే తేల్చుకోండి.

నీరు ఆరు గంటల పాటు ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలని పన్నెండు భాగాలు చేస్తే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో రెండు, ఆఖరి గంటలో ఒకటి. పోటుకీ పాటుకీ నీటిమట్టంలో తేడా 4 మీటర్లు ఉన్న చోట మధ్య రెండు గంటల్లోనే 2 మీటర్లు పెరుగుతుందన్నమాట. మొదటి గంట చూసి 'మెల్లగానే వస్తోందిలే' అనుకున్నవాళ్లే రాళ్ల అవతల ఇరుక్కుపోతారు. రాళ్ల మీదకి గానీ, కొండ అంచు కింద ఇసుకలోకి గానీ వెళ్తే పాటు పూర్తయ్యే వేళకి గంట ముందే అక్కడ ఉండండి, నీరు తిరిగే వేళకి వెనక్కి బయల్దేరండి.

ఏ రోజు ఏ వేళకి పోటో, పాటో చూపే పట్టిక చదవడంలో జరిగే పొరపాట్లు మూడు. ఒకటి, వేసవిలో గడియారాలు గంట ముందుకి జరిపే దేశాల్లో కొన్ని పట్టికలు ఆ గంటని కలపకుండా అచ్చు వేస్తాయి. రెండు, పట్టిక దగ్గర్లోని రేవుది అయి ఉంటుంది, మీ ఒడ్డున అరగంటో గంటో అటూ ఇటూ కావచ్చు. మూడు, పట్టికకి వాతావరణం తెలియదు. గాలి పీడనం 1 హెక్టోపాస్కల్ తగ్గితే నీటిమట్టం సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది. అల్పపీడనానికి ఒడ్డుకేసి వీచే గాలి తోడైతే అచ్చు వేసిన అంకెని నమ్మకూడదు.

మీరు వెళ్లే లైట్‌హౌస్ దీవి మీదుంటే ఇది ఇంకా కీలకం. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో వైట్లీ బే దగ్గరున్న సెయింట్ మేరీస్ లైట్‌హౌస్‌కి వెళ్లే దారి పోటు వేళ నీళ్లలో మునిగిపోతుంది. ఫ్రాన్స్‌లోని కోర్దువాన్ లైట్‌హౌస్‌కి పడవలో వెళ్లి, పాటు వేళ ఇసుకమేట మీద దిగి, కొంత దూరం నీళ్లలో నడవాలి. అలాంటి చోట తిరిగొచ్చే వేళే అసలు వేళ. అక్కడికి ఎప్పుడు చేరతామన్నది దాన్నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. దారి మీద అడుగు లోతు నీళ్లే కదా అని అడ్డంగా నడవద్దు. పక్క నుంచి తోసే నీటికి మోకాలి లోతులోనే కాళ్లు తేలిపోతాయి.

ఇక లైట్‌హౌస్. ముందు అడిగి తెలుసుకోవలసినవి: పైదాకా ఎక్కనిస్తారా, కింది అంతస్తు వరకేనా? గైడుతోనే వెళ్లాలా? వేళ ముందే బుక్ చేసుకోవాలా? పిల్లలకి ఎత్తు నిబంధన ఉందా? గాలి ఎంత ఉంటే మూసేస్తారు? దీపం ఇప్పటికీ వెలుగుతోందా, తిరుగుతోందా? ఆఖరి ప్రశ్న ఎవరూ అడగరు, రాత్రి నిరాశపడేది దాని వల్లే. చాలా పాత లైట్‌హౌస్‌లలో తిరిగే పెద్ద కటకం తీసేసి చిన్న ఎల్‌ఈడీ దీపం పెట్టేశారు. అది ఆరి వెలుగుతుంది గానీ, ఆకాశంలో చుట్టూ తిరిగే వెలుగు చారలు ఉండవు. కొన్ని పూర్తిగా ఆరిపోయాయి కూడా.

పాప ఎత్తు ఇంట్లోనే కొలుచుకోండి. చాలాచోట్ల వయసు కాదు, ఎత్తు చూస్తారు. అమెరికాలోని కేప్ హాటరస్ లైట్‌హౌస్‌లో 42 అంగుళాలు, అంటే సుమారు 107 సెంటీమీటర్లు ఉండాలన్నది నియమం. ఐదేళ్ల పిల్లలు సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటారు. ఎత్తుకుని ఎక్కుతామంటే ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సరైనది. చుట్టుమెట్ల మీద బిడ్డని ఎత్తుకున్న మనిషికి కమ్మీ పట్టుకోవడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది, కాలి కింద మెట్టు కనబడదు. పాపని ఎక్కనివ్వకపోతే కింద తనతో ఎవరు ఉండాలో ముందే అనుకోండి. పుట్టినరోజు మనిషి మాత్రం కింద ఉండిపోకూడదు.

మెట్ల లెక్క: ఒక్కో మెట్టు సుమారు 18 సెంటీమీటర్లు అనుకుంటే 200 మెట్లు 36 మీటర్లు, అంటే పన్నెండు అంతస్తులు. కేప్ హాటరస్‌కి 257 మెట్లు, సెయింట్ మేరీస్‌కి 137, ఐర్లండ్‌లోని హుక్ లైట్‌హౌస్‌కి 115. అయితే సంఖ్య ఒక్కటే చూస్తే సరిపోదు, మెట్లు ఎలాంటివన్నది అంతకన్నా ముఖ్యం. సుమారు 800 ఏళ్ల నాటి హుక్‌లో మెట్లు లావాటి గోడ మందంలోనే తొలుచుకుంటూ పోతాయి. కిందికి చూడడానికి ఏమీ ఉండదు, ఎత్తంటే భయం ఉన్నవాళ్లకి అది మేలు. కానీ ఇరుకు. 19వ శతాబ్దపు ఇటుక గోపురాల్లో తరచుగా ఇనుప జల్లెడ మెట్లు ఉంటాయి. నూరో మెట్టు మీద పాదాల సందుల్లోంచి అడుగు నేల కనబడుతుంది, గట్టి గుండె ఉన్నవాళ్లకీ అక్కడ కాళ్లు బిగుసుకుంటాయి. కిందికి చూడకుండా కళ్లెదురుగా ఉన్న గోడని చూస్తూ ఎక్కమని ముందే చెప్పండి. మడమ చెప్పులు ఆ జల్లెడలో దిగబడతాయి. ఫొటోల కోసం ముస్తాబు ఎలా ఉన్నా, కాళ్లకి మాత్రం వెనక పట్టీ ఉండి అడుగు జారని బూట్లే వేసుకోవాలి.

అందుకే ఈ ప్రయాణాన్ని పూర్తి సర్‌ప్రైజ్‌గా దాచొద్దని నా సలహా. ఎక్కడికో చెప్పకపోయినా 'మెట్లు చాలా ఎక్కాలి, గాలి ఎక్కువ' అన్న రెండు మాటలు చెప్పాల్సిందే. ఎత్తు భయమో, ఇరుకు భయమో ఉన్నట్టు సగం మెట్ల మీద తెలిస్తే వెనక వచ్చేవాళ్లంతా ఆగిపోతారు. ఆ ఇబ్బంది పడేది పుట్టినరోజు మనిషే.

అమ్మగారి విషయం. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు, దిగేటప్పుడు మోకాళ్లు మొరాయిస్తాయి. అసలు పరీక్ష దిగడమే. రెండు మూడు వారాల ముందు ఏదైనా ఐదంతస్తుల భవనం మెట్లు మెల్లగా ఎక్కించి దింపండి, అవి 90 మెట్ల దాకా ఉంటాయి. మర్నాడు మోకాళ్లు పట్టేస్తే 200 మెట్ల లైట్‌హౌస్ ఆవిడకి వద్దు. గుండె, ఊపిరితిత్తుల సమస్య ఉంటే పరీక్ష కూడా వద్దు, డాక్టరుని అడగండి. ఎక్కగలిగితే, చుట్టుమెట్టు లోపలి కొస సన్నగా, బయటి కొస వెడల్పుగా ఉంటుంది కాబట్టి కమ్మీ ఏ వైపున్నా పాదం మొత్తం ఆనేది వెడల్పు వైపే అని గుర్తుపెట్టుకోమనండి. దిగేటప్పుడు ఆవిడకి ఒక మెట్టు కింద ఒకరు ఉండాలి, పక్కన కాదు. ఆయాసం వస్తే మెట్ల మధ్యలో కాకుండా కిటికీ ఉన్న చదునైన మజిలీ దాకా వచ్చి ఆగాలి. అక్కడే ఎదురొచ్చేవాళ్లకి దారి ఇవ్వొచ్చు.

ఆఖరి పది పన్నెండు మెట్లు చాలాచోట్ల మెట్లు కావు, దాదాపు నిలువు నిచ్చెన. దాన్ని దిగేటప్పుడు ముఖం నిచ్చెన వైపు తిప్పాలి. పైన బాల్కనీలోకి తీసే తలుపు పొట్టిది, నుదురు తగిలేది అక్కడే. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి సంచులు కిందే వదిలెయ్యండి, కొన్నిచోట్ల పైకి తీసుకెళ్లనివ్వరు కూడా. ఫోనుకి మణికట్టు తాడు తప్పనిసరి. 40 మీటర్ల నుంచి జారిన ఫోను కింద నిలబడ్డవాళ్ల ప్రాణానికి ముప్పు.

పైన గాలి గురించి ఒక ముక్క. గాలి ఎదురుగా తగిలే వైపు కన్నా, గోపురాన్ని చుట్టుకుని పోయే రెండు పక్కలా ఎక్కువ జోరుగా ఉంటుంది. అడ్డం వచ్చిన గుండ్రటి గోడని దాటుకు పోవడానికి గాలి అక్కడ వేగం పుంజుకుంటుంది. గాలికి చాటైన వైపు నెమ్మది. టోపీ ఎగిరిపోవడం, జుట్టు కళ్లలో పడి తడబడడం ఆ పక్కల మూల తిరిగినప్పుడే. కుటుంబం అంతా కలిసి ఫొటో తీసుకోవాలంటే చాటు వైపు నిలబడండి.

ఇంకో విషయం, ఎక్కడానికి మొదటి వేళే తీసుకోండి. ఎండ కాసే రోజుల్లో నేల వేడెక్కి, పొద్దెక్కేకొద్దీ సముద్రపు గాలి మొదలై మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. పొద్దున గాలీ తక్కువ, జనమూ తక్కువ. పైగా అద్దాల దీపపు గది ఎండకి కాలిపోతుంది. తూర్పు తీరమైతే ఒక లోపం ఉంది: పొద్దున సముద్రం వైపు చూస్తే ఎండ కళ్లలో పడుతుంది. అయినా నేను పొద్దుటికే ఓటేస్తాను. రెండు రోజులు ఉంటున్నారు కాబట్టి మొదటి పొద్దునే ఎక్కండి. గాలికో పిడుగులకో మూసేస్తే రెండో పొద్దు చేతిలో ఉంటుంది.

పైకెళ్లాక దృశ్యం చూసి దిగిపోవద్దు. పాత లైట్‌హౌస్ ఎక్కడంలో సగం ఆనందం లోపలి పనితనంలో ఉంది. ఫ్రెనెల్ కటకం ఉంటే దగ్గరగా చూడండి. ఫ్రెంచి శాస్త్రవేత్త ఒగుస్తాన్ ఫ్రెనెల్ రూపొందించిన ఈ కటకాన్ని మొదట 1823లో కోర్దువాన్‌లోనే అమర్చారు. అదొక్క గాజు దిమ్మ కాదు. మధ్యలో కుంభాకార కటకం, దాని చుట్టూ గాజు వలయాలు, పైనా కిందా వరుసలుగా పట్టకాలు, అన్నీ ఇత్తడి చట్రంలో. ఒక్కో వలయం కోణం కొంచెం కొంచెం మారుతూ, అటూ ఇటూ చెదిరిపోయే వెలుగునంతా వంచి సముద్రం మీదకి పంపుతుంది. అన్నిటికన్నా పెద్ద రకాల్లో ఒకటైన 'మొదటి ఆర్డర్' కటకానికి నాభ్యంతరం, అంటే దీపం నుంచి కటకానికి ఉండే దూరం, 920 మిల్లీమీటర్లు, మనిషి లోపల నిలబడొచ్చు. పగలు దీపపు గదికి తెరలు కట్టేది ఎందుకో పాపకి చెప్పండి: ఎండ ఆ కటకంలోంచి వెనక్కి వచ్చి ఒకే చోట పడితే దీపమే కాలిపోతుంది. అంచుల్లో గాజు పెచ్చులు లేచిన చోట్లు కనిపిస్తాయి, చేత్తో తాకకండి, చర్మపు జిడ్డు గాజుకి మంచిది కాదు.

మెట్ల మధ్య నిలువునా ఖాళీ గొట్టం ఉందేమో చూడండి. కరెంటు రాకముందు అందులో బరువు వేలాడదీసి, గోడ గడియారంలా అది దిగుతుంటే కటకం తిరిగేలా చేసేవారు. కొన్ని గంటలకోసారి కాపలాదారు దాన్ని పైకి చుట్టాలి, తెల్లారేదాకా. 1890ల నుంచి టన్నుల బరువున్న కటకాలని పాదరసం తొట్టిలో తేల్చడం మొదలైంది. అప్పుడు ఒక వేలితో తోసినా తిరిగేవి. పాదరసం ఆవిరి హానికరం కాబట్టి ఆ తొట్టి ఉన్న చోట గది మూసి ఉంచితే విసుక్కోవద్దు. కిటికీల్లో ఎర్ర అద్దం ముక్క కనిపిస్తే అది అలంకారం కాదు: ఓడ నుంచి చూసినప్పుడు తెల్ల వెలుగు కనబడితే దారి క్షేమం, ఎర్రది కనబడితే అటు రాళ్లున్నాయని.

అక్కడ నుంచి ఎంత దూరం కనిపిస్తుందో లెక్క కట్టొచ్చు. కంటి ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే కిలోమీటర్లు. ఇసుకలో నిలబడ్డ మనిషికి దిగంతం 4.5 కిలోమీటర్లే. 50 మీటర్ల ఎత్తున 25. మెట్లు ఎక్కడానికి ఇంతకన్నా మంచి కారణం నాకు తెలియదు.

రాత్రి మళ్లీ రండి, ఈసారి కింద నుంచి చూడడానికి. చాలా లైట్‌హౌస్‌లు పొద్దుగూకేలోపే మూసేస్తాయి కాబట్టి దీపం వెలిగే వేళ పైన ఉండడం అరుదు. అర కిలోమీటరు దూరంలో, చీకటి చోట కూర్చోండి. ప్రతి దీపానికీ తనదైన లయ ఉంటుంది: ఉదాహరణకి 15 సెకన్లకోసారి మూడు మెరుపులు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, గుంపులో మొదటి మెరుపు దగ్గర మొదలుపెట్టి, మళ్లీ అదే మెరుపు దాకా పాప చేత లెక్కపెట్టించండి. ఓడల వాళ్లు ఏ దీపమో గుర్తుపట్టేది అలాగే. వెలుగు చారలు కనబడాలంటే గాలిలో కాస్త తేమ ఉండాలి. గాలి పొడిగా, స్వచ్ఛంగా ఉన్న రాత్రి మెరుపు తప్ప చార కనబడదు.

ఫొటోకి నల్లటి చీకటి దాకా ఆగొద్దు. పొద్దుగూకాక 20 నుంచి 30 నిమిషాల్లో ఆకాశం నీలంగా ఉండి, గోపురం ఆకారం, దీపం రెండూ పడతాయి. ఫోనుని రాయికి ఆనించి 1 లేదా 2 సెకన్లు ఎక్స్‌పోజర్ ఇవ్వండి. 30 సెకన్లు ఇస్తే తిరిగే చారలన్నీ కలిసి ఒట్టి మసక మిగులుతుంది. ఫోను కెమెరా కటకం మీద ఉప్పు తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. మంచినీటితో తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాత తుడవండి.

కేకు విషయానికి వస్తే, ఒడ్డుకి క్రీమ్ కేకు పనికిరాదు. ఎండకి జారుతుంది, ఇసుక అతుక్కుంటుంది, తుడిచినా పోదు. క్రీమ్ లేని గట్టి కేకు మంచిది. ముందే ముక్కలు కోసి, మూత బిగుతుగా ఉన్న లోతైన డబ్బాలో పెట్టండి. కారులో సీటు మీద కాదు, కింద కాళ్ల దగ్గర పెట్టండి. సీటు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి కేకు ఒకవైపు జారుతుంది. కొవ్వొత్తి గాలికి నిలవదు. లోతైన గాజు సీసాలో ఒకే ఒక్కటి పెట్టి వెలిగిస్తే ఊదే ఘడియ దక్కుతుంది.

బుడగలు (బెలూన్లు), తళుకు ముక్కలు, ఆకాశంలోకి వదిలే కాగితం దీపాలు వద్దే వద్దు. బుడగ నీళ్లలో పడితే తాబేలు దాన్ని జెల్లీఫిష్ అనుకుని మింగుతుంది. ఇక ఆ కాగితం దీపాలు సముద్రం మీద దూరం నుంచి ఎర్రగా, ఆపదలో ఉన్న పడవ వదిలే సంకేతంలా కనిపిస్తాయి. ఎవరో చూసి ఫోను చేస్తే రక్షణ పడవలు రాత్రంతా వెతుకుతాయి.

ఈత కొట్టాలనుకుంటే కాపలా ఉన్న చోటే, జెండాల మధ్యే. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే సన్నటి పాయ చూసి పాపని అక్కడ దింపుతారు చాలామంది. లోపలికి లాగే ప్రవాహం ఉండేది తరచుగా అక్కడే. చిక్కుకుంటే ఒడ్డుకి ఎదురీదకూడదు, తేలుతూ ఒడ్డుకి సమాంతరంగా పక్కకి రావాలి. రాళ్ల మీద కూర్చునే ముందు 20 నిమిషాలు అలల్ని చూడండి. పెద్దవి గుంపులుగా, మధ్యలో విరామం ఇచ్చి వస్తాయి. తడిగా ఉన్న రాయి అంటే అల అక్కడి దాకా వచ్చిందనే.

పాత కాపలాదారు ఇంట్లో బస దొరికితే తీసుకోండి, అది సాధారణంగా గోపురం పక్కనే వేరే ఇల్లు. అయితే రాత్రంతా కిటికీలోంచి వెలుగు వచ్చిపోతుందా, పొగమంచు రోజుల్లో ఓడల్ని హెచ్చరించే హారన్ మోగుతుందా, కారు ఎంత దూరంలో ఆపాలి అని అడగండి. సామాను మోస్తూ కిలోమీటరు ఇసుకలో నడవాల్సి వస్తే అమ్మగారికి కష్టం.

అమ్మగారు ఎక్కలేరని తేలితే, కటకాన్ని కిందికి దింపి ప్రదర్శనలో పెట్టిన లైట్‌హౌస్‌నో, పక్కన మ్యూజియం ఉన్నదాన్నో ఎంచుకోండి. దీపపు గదిలో ఇరుగ్గా నిలబడి చూసేదానికన్నా నేల మీద చుట్టూ తిరిగి చూస్తే కటకం ఇంకా బాగా అర్థమవుతుంది. మీరు పైన ఉన్నంతసేపూ ఆవిడ, పాప అక్కడ గడపొచ్చు. పైకి చేరాక బాల్కనీలో ఏ వైపు నిలబడతారో ముందే చెప్పి వెళ్లండి, పాప కింద నుంచి చెయ్యి ఊపుతుంది.